నాన్నని అడగకుండా ఏదీ డిసైడ్ చేసుకోలేకపోతున్నా

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి జాబ్ చేస్తున్నా. ఇంటర్‌లో ఎంపీసీ నాన్నే తీసుకోమన్నారు, ఎంసెట్ వెబ్ ఆప్షన్లూ ఆయనే పెట్టారు, ఓటీపీ ఆయన ఫోన్‌కే వచ్చింది, ఏ కాలేజీలో సీటొచ్చిందో నాకు రాత్రి అన్నాల దగ్గర తెలిసింది. మొన్న ఆఫీసులో వేరే టీమ్‌కి వెళ్తావా అంటే నాన్నని అడిగి చెప్తా అన్నా, అందరూ నవ్వారు. ఏదీ నా చేతుల్లో లేదు, రాసిపెట్టి ఉన్నదే జరుగుతుంది అనిపిస్తోంది. నేను మరీ ఇంత పిరికిదాన్నా?

జవాబు: పిరికితనం కాదమ్మా, అలవాటు లేదంతే. ఆ ఓటీపీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా, నాలుగేళ్లు చదవాల్సిన పిల్లకి ఆ సంగతి కంచం ముందు తెలియడం ఏంటి అని బాధేసింది.

జరిగేదాంట్లో మన చెయ్యి ఎంత, అదృష్టం ఎంత అని ఎవరు ఎలా నమ్ముతారో చూడ్డానికి అమెరికా సైకాలజిస్ట్ జూలియన్ రాటర్ 1966లో 29 జతల వాక్యాలతో ఒక స్కేల్ ఇచ్చారు, ఒక్కో జతలో మనకి నిజమనిపించింది ఎంచుకోవాలి. ఆయన లెక్కలో ఈ నమ్మకం అనుభవంతో వచ్చేది, అంటే నేనిలా చేశా కాబట్టి ఇలా అయింది అని మళ్లీ మళ్లీ చూసుకోవాలి, నీకు ర్యాంకు ఎంతొచ్చినా తర్వాతి అడుగు నాన్నదే కదా, ఇంకెక్కడ చూసుకుంటావు?

అలాగని కట్టడి మొత్తం తప్పు అనను. డయానా బామ్రిండ్ అనే అమెరికా సైకాలజిస్ట్ 1960ల్లోనే పెంపకాల్ని విడదీసి చూశారు, ఎందుకు వద్దంటున్నారో చెప్పి పిల్లల మాటా వినే కట్టడి వేరు, నేను చెప్పా అంతే అనేది వేరు, ఏం చేసినా వద్దనకుండా వదిలేయడం ఇంకోటి. మీ నాన్నగారిది ప్రేమే, కానీ నష్టం జరగలేదని మాత్రం నేను చెప్పలేను.

టీమ్ విషయం నాన్నకి ఫోన్ చెయ్యి, కాకపోతే ముందు నువ్వు తేల్చుకుని చెయ్యి. ఏం చెయ్యమంటారు అని కాదు, నాన్నా నేను ఇలా అనుకుంటున్నా, ఇందుకు అని చెప్పు. ఆయన కోప్పడితే విను, ఆయన చెప్పిన కారణం సరైనదైతే మార్చుకో, కోపం వచ్చిందని మాత్రం మార్చుకోకు. రేపు అది తేడా కొట్టినా సర్దుకునే పని నువ్వే చేసుకో.

ఇంకో మాట, నీ శాలరీ అకౌంట్‌కి ఎవరి నంబర్ లింకయిందో రాయలేదు. నాన్నదే అయితే ఆయనకి ముందే చెప్పి, ఈ నెలలోనే బ్రాంచికెళ్లి నీ నంబర్ పెట్టించుకో.