చలికాలం మూడు నెలలూ క్రూజ్‌లోనే, అదీ ఒంటరిగా

న్యూజెర్సీ మంచు తప్పించుకుని చలికాలమంతా ఓడలోనే ఉందామంటే ఒక్కరికే ఇద్దరి ధర చెబుతున్నారని రాశారు కదండీ. మామూలే, గది ధర ఇద్దరి లెక్కన కడతారు. నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు 2010లో ఎపిక్ ఓడతో ఒంటరివాళ్ల కోసం స్టూడియో గదులు మొదలుపెట్టారు. ఇరుకే, సముద్రం వైపు కిటికీ కూడా ఉండదు, కానీ వాళ్లకంటూ ఒక లౌంజ్ ఉంటుంది కాబట్టి మాట్లాడే మనిషి దొరుకుతారు. ఒక్కోసారి డబుల్ కట్టినా మామూలు లోపలి గదే చవకగా పడుతుంది, రెండూ చూడండి.

చలికాలమంతా ఉండాలంటే అదే ఓడలో ట్రిప్పు వెనక ట్రిప్పు కలుపుకోవాలి కదా, అన్నిటికీ అదే గది ఇమ్మని ముందే అడగండి, లేదంటే ప్రతిసారీ పెట్టె సర్దుడే. ఓడ మయామీ నుంచి బయల్దేరేదైతే, మధ్యలో అక్కడికి తిరిగొచ్చిన రోజు కిందికి దిగి, ఇమ్మిగ్రేషన్‌లో పాస్‌పోర్ట్ చూపించి మళ్లీ ఎక్కాలి.

అసలు చిక్కు వేరే ఉంది. మయామీలో ఎక్కి అదే ఓడలో చివరికి న్యూయార్క్‌లో దిగేలా టికెట్లు కలిపితే, ఓడల్లో ప్రయాణికుల రవాణాపై ఉన్న 1886 నాటి అమెరికా చట్టం అడ్డొస్తుంది. విడివిడి టికెట్లయినా ఒకే ప్రయాణం కిందే లెక్క. విదేశీ జెండా ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, అలా రెండు అమెరికా రేవుల మధ్య తీసుకెళ్లాలంటే దారిలో చట్టం లెక్కలో దూరమైన విదేశీ రేవులో ఆగాలి. దానికి దక్షిణ అమెరికా దగ్గరి దీవులు అరూబా, కురసావ్ పనికొస్తాయి గానీ బహామాస్ పనికిరాదు.

మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నమ్ముకోకండి, నడిసముద్రంలో వర్తించదు, విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి.