ఆడదా, మగదా: కార్న్ స్నేక్‌ను తెచ్చుకునే ముందు

చి.సౌ. సుజాతకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విహాన్ పుట్టినరోజుకు కార్న్ స్నేక్‌ను తెచ్చిపెట్టడానికి నువ్వూ అల్లుడుగారూ ఒప్పుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఆడపామును తీసుకోవాలా, మగపామును తీసుకోవాలా అన్న నీ ప్రశ్న పైకి చిన్నదే గాని, ఈ జాతి పాము మంచి పోషణలో 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది కనుక, వాడు చదువు ముగించి ఉద్యోగంలో చేరేదాకా మీ ఇంట్లో ఉండబోయే ప్రాణి గురించి అడుగుతున్నావన్నమాట. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. గుడ్లు పెట్టించి పిల్లలను చేయించే ఉద్దేశం లేని ఇంటికి, మొదటిసారి పామును పెంచబోయే పిల్లవాడికి, మగపామే మేలు. ఆడపాము మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు, ఆ గుడ్లు ఒక్కోసారి దాని ప్రాణం మీదికి తెస్తాయి. నేను మగదానివైపు మొగ్గడానికి ఇదొక్కటే కారణం.

స్వభావం విషయంలో మాత్రం ఆడామగా తేడా ఏమీ లేదు. ఆడది కోపిష్ఠిదనీ, మగది సాధువనీ కొందరు చెబుతారు గాని, పదహారేళ్లుగా రెండింటినీ పెంచుతున్న నాకు అలాంటి తేడా కనిపించలేదు. మన ఊళ్లలో జెర్రిపోతును నాగుపాముకు మగజోడీ అనుకునేవారు, నీకు గుర్తుండే ఉంటుంది. అవి రెండూ వేరువేరు జాతులు, జెర్రిపోతుల్లో ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి. పాముల ఆడామగల గురించి మనం విన్నవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి కనుక, ఎవరు ఏది చెప్పినా ఒకసారి సరిచూసుకోవాలి. కార్న్ స్నేక్ కూడా ఎలుకలు తిని బతికే విషం లేని పామే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరిగేది కనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. దాని పొట్ట మీది నలుపు తెలుపు గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల వరుసల్లా ఉంటాయి కనుక వచ్చిందని ఇంకొందరంటారు. పరిమాణంలోనూ పెద్ద తేడా లేదు. పెద్దయ్యాక రెండూ 3 నుంచి 5 అడుగులు పెరుగుతాయి, మగది సాధారణంగా కొద్దిగా పొడవు ఎక్కువ. ఏదైనా సరే, 4 అడుగుల పొడవున్న గాజుపెట్టె, ఒక చివర 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం, రెండో చివర 75 దగ్గర చల్లదనం, కదలకుండా బిగించిన మూత తప్పనిసరి.

ఇక నా అనుభవం చెబుతాను. 2009లో నేను తెచ్చుకున్న మొదటి పామును అమ్మినవారు తోక చూసి మగదని చెప్పారు. మీ అత్తయ్య దానికి గోపి అని పేరు పెట్టింది. నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పెరిగిన పాము 2013 వసంతంలో వరుసగా రెండు వారాలు ఎలుకను ముట్టలేదు. చేతిలోకి తీసుకుంటే, తోకకు ముందున్న భాగం పలచని గుడ్డసంచిలో రేగుపళ్లు పోసినట్టు ఎగుడుదిగుడుగా తగిలింది. మలబద్ధకమేమో అనుకున్నాను. తరువాత కుబుసం విడిచింది. ఆ పైన పదో రోజున నీళ్ల గిన్నె కిందికి దూరి, అడుగున పరిచిన కాగితాన్ని ముక్కుతో తోస్తూ రాత్రంతా తిరిగింది. తెల్లవారి చూస్తే ఒక మూలన పసుపుపచ్చగా, మైనపు ముద్దల్లా ఒకదానికొకటి అంటుకుపోయిన 11 గుడ్లు ఉన్నాయి. పన్నెండోది లోపలే ఉండిపోయింది. ఒక రోజు చూసి, పాములను చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఎక్స్‌రే తీసి, సూదితో గుడ్డులోని ద్రవాన్ని లాగేసి, ముడుచుకుపోయిన గుడ్డును బయటికి రప్పించారు. గోపి బతికింది, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. కాని ఆ రెండు రోజులు నేను పడ్డ ఆందోళన విహాన్ పడకూడదని నా కోరిక.

ప్రతి ఆడపాముకూ ఇలా జరుగుతుందని భయపడకు. కొన్ని తోడు లేకపోతే అసలు గుడ్లే పెట్టవు, పెట్టినవాటిలో చాలావరకు ఏ కష్టమూ లేకుండా పెడతాయి. నీకు నచ్చిన పాము ఆడదే అయితే తప్పకుండా తెచ్చుకో. అది పెద్దదయ్యాక ప్రతి వసంతంలోనూ కనిపెట్టుకుని ఉండు. ఆకలి మందగించి, నడుము కింద భాగం ఉబ్బి, కుబుసం విడిచిందంటే, సుమారు వారం నుంచి రెండు వారాల్లో గుడ్లు రావచ్చు. మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాకు పక్కన పాము దూరేంత రంధ్రం చేసి, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచును అందులో నింపి పెడితే, అది తనంతట తానే అక్కడికి వెళ్లి పెడుతుంది. సరైన చోటు దొరకని పాము గుడ్లను లోపలే ఆపుకుంటుంది, చాలా చిక్కులు అక్కడే మొదలవుతాయి. కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి, ఒకటి రెండు రోజుల్లో మిగిలినవి రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వేళ్లతో నొక్కి బయటికి తోయడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించకూడదు.

మగపాముతో వచ్చే చిక్కు ఇంతకంటే చిన్నది. జతకట్టే కాలంలో, అంటే వసంతకాలమంతా, అది తిండి మీద ధ్యాస తప్పి, రాత్రిళ్లు గాజుకు ముక్కు రాస్తూ తిరుగుతుంది. ఒక్కోసారి వారాల తరబడి తినదు. అప్పుడు కంగారుపడి ప్రతి రెండో రోజూ ఎలుకను చూపించవద్దు. వంటింటి తూకం మీద వారానికొకసారి బరువు చూసి రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే అది ఆరోగ్యంగానే ఉన్నట్టు. బరువు పడిపోతున్నా, నోటి దగ్గర నురగ కనిపించినా అది కాలం మహిమ కాదు, జబ్బు.

ఆడదో మగదో తేల్చుకోవడం గురించి జాగ్రత్తగా విను, ఎందుకంటే నేను మోసపోయింది ఇక్కడే. మగపాము తోక మొదట్లో లావుగా ఉండి, పొడవుగా, నెమ్మదిగా సన్నబడుతుంది. దాని జంట జననాంగాలు తోక మొదట్లో లోపలికి మడిచి ఉంటాయి కనుక ఆ లావు. ఆడదాని తోక, మలద్వారం దాటగానే చటుక్కున సన్నబడి పొట్టిగా ముగుస్తుంది. పెద్ద పాముల్లో ఇది బాగానే తెలుస్తుంది గాని, 8 నుంచి 12 అంగుళాలుండే పిల్లల్లో చూపును నమ్మలేం. పిల్లలకైతే చేయి తిరిగినవారు తోక మొదట్లో బొటనవేలితో మెల్లగా ఒత్తి చూస్తారు. మగదైతే రెండు ఎర్రటి మొనలు బయటికి వస్తాయి. రాకపోతే ఆడదని అంటారు గాని, పాము బిగపట్టుకుంటే మగదానిలోనూ రాకపోవచ్చు, కనుక మగదన్న మాటను నమ్మినంతగా ఆడదన్న మాటను నమ్మలేం. పెద్దవాటికి ప్రోబ్ అనే సన్నని కడ్డీని మలద్వారం నుంచి తోకవైపు పంపి, ఎంత లోతు వెళుతుందో చూస్తారు, మగదానిలో ఎక్కువ లోతు వెళుతుంది. ఈ రెండు పనులూ తెలియనివారు చేస్తే లోపల గాయమవుతుంది, అందుకే విహాన్‌ను గాని, వీడియో చూసి నేర్చుకున్న స్నేహితులను గాని చేయనివ్వకు. అమ్మేవారిని నీ కళ్ల ముందే చేసి చూపించమని అడుగు.

పెద్ద ఆడపామును ఎవరి దగ్గరనుంచైనా తీసుకుంటే, అది అంతకుముందు మగపాముతో కలిసి ఉందేమో తప్పకుండా కనుక్కో. వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదు కనుక, మీ ఇంటికి ఒంటరిగా వచ్చినా పిల్లలయ్యే గుడ్లు పెట్టవచ్చు. తోడు కావాలని విహాన్ అడిగినా రెండింటిని ఒకే పెట్టెలో పెట్టవద్దు. పామును మరో పాము మింగిన సందర్భాలున్నాయి. పైగా పెంచేవారు 3 ఏళ్లు, 3 అడుగులు, 300 గ్రాములు అనే లెక్క నిండనిదే ఆడపామును జతకు పెట్టరు. ఆ లోపే గుడ్లు పడితే దాని ఎదుగుదల అక్కడే ఆగిపోవచ్చు.

మీరు అట్లాంటాకు మారే ఆలోచనలో ఉన్నారని అక్కయ్య చెప్పింది. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలో ఇది స్థానిక జాతి కనుక, ఆడదైనా మగదైనా, ఏ రంగుదైనా, ఇంట్లో పెంచుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ విషయం తేలిన తరువాతే పామును కొనండి.

డల్లాస్‌లో పాములను చూడబోయేటప్పుడు, గడ్డకట్టించి నిల్వ ఉంచి, మళ్లీ కరిగించిన ఎలుకను వరుసగా నాలుగైదు సార్లు తిన్న పిల్లను చూపించమని అడుగు. తినని మగదానికంటే తినే ఆడది ఎంతో నయం. నచ్చిన రెండు మూడింటి తోకలను స్కేలు పక్కన పెట్టి, కిందివైపు నుంచి ఫొటోలు తీసి నాకు పంపు. కొనకముందే చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య