పాత రక్తమా, గాజు సిరంజా?

ప్రశ్న: నా వయసు 61. ఇద్దరు పిల్లలు. 1985లో మొదటి కాన్పయ్యాక రెండు సీసాల రక్తం ఎక్కించారు. చిన్నప్పుడు ఊళ్లో గాజు సిరంజితో సూదిమందులు చాలాసార్లు వేశారు. చేతిమీద పచ్చబొట్టూ ఉంది. 2004లో హెపటైటిస్‌-సి (లివర్‌ను దెబ్బతీసే వైరస్) పాజిటివ్ అన్నారు. దానికి అప్పట్లో ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు లివర్ పరీక్షల్లో ఎస్‌జీఓటీ 64, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. ఇది నాకెలా వచ్చింది? ఈ వయసులో మందు పనిచేస్తుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అనుమానం ముందు రక్తం మీదికే పోతుంది. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. దాతల రక్తంలో దాన్ని పట్టే పరీక్ష 1990లో గానీ రాలేదు. 1985లో మీకు ఎక్కించిన సీసాను ఎంత పెద్ద ఆసుపత్రైనా పరీక్షించి ఉండదు. అలాగని సూదిని వదిలేయలేం. సిరంజిని వేడినీళ్లలో ఓసారి ఆడించి ఇంకొకరికి పొడిస్తే, లోపల మిగిలిన కంటికానని రక్తం చాలు. ఈజిప్టులో బిల్‌హార్జియా అనే పురుగుల జబ్బుకు ప్రభుత్వమే ఊరూరా వేయించిన ఇంజెక్షన్లతోనే ఇది విపరీతంగా పాకింది. పచ్చబొట్టు సూదిదీ అదే దారి. వైరస్ రకాన్ని చెప్పే జీనోటైప్ పరీక్షలో మన దగ్గర ఎక్కువగా కనిపించే 3వ రకమని తేలినా, ఏ సూదిదో ఏ ఏడాదిదో అది చెప్పదు.

సూదిదే అయితే మొదటి కాన్పు నాటికే మీలో ఉండి ఉండొచ్చు. అందుకే రెండో బిడ్డకొక్కరికే కాదు, ఇద్దరికీ పరీక్ష చేయించండి. తల్లి నుంచి బిడ్డకు సోకేది నూటికి ఐదుగురికే అయినా సరే. మీవారికీ ఒకసారి చేయించండి. కలిసి తింటే రాదు. బ్లేడు, గోళ్ల కట్టర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వారికే.

ఇక మందు. యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోడానికి ఒంట్లో తయారయ్యేది) పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడూ ఉందని కాదు, ముందు రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కావాలి. తర్వాత లివర్ ఎంత గట్టిపడిందో చూడాలి. దానికి ఫిబ్-4 లెక్క ఉంది: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో, మీకు 160) ఎస్‌జీపీటీ వర్గమూలంతో (9) గుణించిన దానితో భాగించాలి. 3904ను 1440తో భాగిస్తే 2.7. 1.45 లోపైతే నిశ్చింత, 3.25 దాటితే ప్రమాదం. మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ తప్పదు.

సిర్రోసిస్ (లివర్ బాగా గట్టిపడి గడ్డకట్టినట్టవడం) లేకపోతే సోఫోస్‌బువిర్ 400, డక్లటస్విర్ 60 మిల్లీగ్రాములు రోజుకొక్కొక్కటి, 12 వారాలు. సిర్రోసిస్ ఉంటే డక్లటస్విర్ బదులు వెల్‌పటస్విర్ ఇస్తారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇవి ఉచితం. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, వయసు అడ్డం కాదు. మొదలుపెట్టేముందు హెపటైటిస్‌-బి పరీక్ష తప్పనిసరి, లేకపోతే దాగి ఉన్న బి విజృంభించవచ్చు. ఫిట్స్ మాత్రలు, టీబీకి రిఫాంపిసిన్, గుండెకు అమియోడరోన్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. వెల్‌పటస్విర్‌తో గ్యాస్ మాత్రలూ కుదరవు. నెలకే ఎస్‌జీపీటీ మామూలైందని ఆపేయడం చాలామంది చేసే పొరపాటు.

కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే నయమైనట్టే. యాంటీబాడీ మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. రేపు ఏ కంటి ఆపరేషన్‌కో వెళ్తే మళ్లీ ‘రియాక్టివ్’ (అంటే పాజిటివ్) అని రాస్తారు, ఆ ఆర్‌ఎన్‌ఏ కాగితం దాచుకుని చూపించండి.