పెద్దవ్వ సైగలు ఆపమనకండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. మా మనవడికి నాలుగేళ్లు. ఇంకా మాటలు రాలేదు. ఆటిజం అని పోయిన ఏడాది చెప్పారు. మా ఇంట్లోనే ఉండే మా అక్కకు పుట్టుకతో చెవుడు. చిన్నప్పుడు తిరుపతిలో చెవిటి పిల్లల బడిలో చదివింది. ఆమె చేత్తో చూపిస్తే వాడికి అర్థమవుతుంది. సంగటి, నీళ్లు, చాలు అని వాడూ చేత్తోనే చెబుతున్నాడు. కానీ థెరపీకి తీసుకెళ్లే చోట ‘సైగలు అలవాటైతే మాటలు రావు, ఆవిడను దూరంగా ఉంచండి’ అన్నారు. అప్పటినుంచీ అక్క వాడి దగ్గరికి రావడం మానేసింది. అట్లాంటాలో మా అమ్మాయి వాళ్ల పక్కింట్లో ఒక నల్లజాతి కుటుంబం ఉంది. వాళ్ల బాబుకీ ఆటిజమే. వాళ్ల నాయనమ్మకు చెవుడు, ఆమె సైగలు అక్కడి బడిలో నేర్పే సైగల్లా ఉండవట. అయినా బాబుకి అవే నేర్పుతున్నారు. జబ్బు పేరు తెలియడానికే మూడేళ్లు తిరిగారట. వాళ్లు చేసేది సరైనదేనా? మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక అవ్వ, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు మీ అక్కగారిని పిలిచి పిల్లోడి పక్కన కూర్చోబెట్టండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

సైగలు చేస్తే మాటలు రావన్నది పాత భయం. దీని మీద పరిశోధనలు చాలానే జరిగాయి. సైగలో, బొమ్మలో వాడినందువల్ల పిల్లల మాట వెనక్కి పోయిందని తేలలేదు. కొందరికి మాట కొంత పెరిగింది కూడా. మీవాడికి మాటలు ఎప్పుడొస్తాయో, ఎన్ని వస్తాయో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఈలోపు ఆకలేస్తే చెప్పుకునే దారి వాడికి ఉండాలి కదా. ఆ దారి మీ అక్కగారు వేశారు. ఇంకో మాట, ఆటిజం జబ్బు కాదమ్మా. వాడి మెదడు ఎదిగే తీరు అది. ఇంట్లో కూడా జబ్బు అనడం మానేయండి.

నేను ముప్పై ఏళ్లు చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పాను. మొదట్లో నాకిచ్చిన శిక్షణంతా ఒకటే: పెదాలు చూడమను, మాట్లాడించు, చేతులు కదపనివ్వకు. ‘చేతులు కట్టుకోండి’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. రాత్రి హాస్టల్‌కి వెళితే వరండాలో ట్యూబులైటు కింద ఆ చేతులు ఆగేవే కావు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు నేర్పేవాళ్లు. నుదుటి మీద వేళ్లతో నామం గీస్తే తిరుపతి. అదే గీసి తల నిమిరితే, కొండకెళ్లి గుండు చేయించుకొచ్చానని. మీ అక్కగారి చేతుల్లో ఉన్నదీ అలాంటి వరండాలో నేర్చుకున్న భాషే అయుంటుంది. ఆ పిల్లల చేతులు కట్టించినందుకు నాకు ఇప్పటికీ బాధే. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక అట్లాంటా సంగతి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి చెవిటి పిల్లలను తెల్లపిల్లల బడుల్లో చేర్చుకునేవాళ్లు కాదు. వాళ్లకు వేరే బడులు. అలాంటిది మొదట 1869లో నార్త్ కరోలినాలోని రాలీలో పెట్టారు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో చెవిటివారి చదువు మీద ఒక సభ జరిగింది. సైగలు వద్దు, నోటిమాటే ముద్దు అని అక్కడ తీర్మానించారు. ఆ గాలికి తెల్లపిల్లల బడుల్లో సైగలు వెనక్కి పోయాయి. నల్లపిల్లల బడుల్లో ఆ కొత్త పద్ధతి కోసం ఖర్చుపెట్టే శ్రద్ధ ఎవరికీ లేకపోయింది. దాంతో అక్కడ పాత సైగలు నిలిచాయి, తమదైన తీరులో పెరిగాయి. ఒక చేత్తో సరిపెట్టే సైగకు వీళ్లు చాలాసార్లు రెండు చేతులూ వాడతారు. చేతులు బాగా విశాలంగా కదులుతాయి. ‘తెలుసు’ అనే సైగను తెల్లవాళ్లు చాలామంది చెంప దగ్గరికి దించేస్తే, వీళ్లు నుదుటి దగ్గరే ఉంచారు. దీన్ని బ్లాక్ ఏఎస్ఎల్, అంటే నల్లజాతివారి అమెరికన్ సంజ్ఞా భాష అంటారు.

అలబామాలో కారొలిన్ మెకాస్కిల్ అనే అమ్మాయి అలాంటి బడిలోనే చదివింది. 1968లో పిల్లలను కలిపేసినప్పుడు టల్లడేగా అనే అదే ఊళ్లో తెల్లపిల్లల బడికి మారింది. అక్కడి టీచరు సైగలు ఆమెకు అర్థం కాలేదు. తన సైగలు పక్కనపెట్టి వాళ్లవి నేర్చుకుంది. తర్వాత చెవిటివారి కోసం పెట్టిన గాలాడెట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై, ముగ్గురు తోటి పరిశోధకులతో కలిసి ఆ పక్కనపెట్టిన సైగల మీదే పనిచేసి 2011లో పుస్తకం తెచ్చింది. కాబట్టి ఆ పక్కింటి నాయనమ్మవి వచ్చీరాని సైగలు అనుకోకండి. ఆమె తరం ఇచ్చిన ఆస్తి అది.

మూడేళ్లు తిరగడం కూడా ఆ ఒక్క ఇంటి కథ కాదు. అట్లాంటాతో సహా నాలుగు నగరాల్లో 584 మంది నల్లజాతి ఆటిజం పిల్లల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. తల్లిదండ్రులకు అనుమానం వచ్చాక సగటున మూడేళ్లు దాటితే గానీ ఆటిజం అని తేల్చలేదు. అప్పటికి పిల్లల సగటు వయసు దాదాపు 5 ఏళ్ల 5 నెలలు. తెల్లపిల్లలతో పోలిస్తే నల్లపిల్లల విషయంలో ఆటిజాన్ని మొండితనం, దుడుకుతనం కింద రాసేయడం ఎక్కువని అంతకుముందే ఇంకో అధ్యయనం చూపింది. తల్లి మాటను డాక్టర్లు వినకపోవడం అక్కడి అన్యాయం. మన దగ్గర ‘మగపిల్లోడు కదా, మేనమామ పోలిక, ఆలస్యంగా వస్తాయిలే’ అని మనమే కాలం పోగొడతాం. మీరు ఆ పని చేయలేదు, చాలా మంచిది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. వాడు వాడే సైగలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. వచ్చేసారి థెరపీకి మీ అక్కగారినీ తీసుకెళ్లి, ఈ సైగల మీదే మాట నేర్పమని అడగండి. ఒప్పుకోకపోతే వేరే థెరపిస్టును చూడండి, మొహమాటం వద్దు. వాడు చేతులవైపు చూడకపోతే గడ్డం పట్టి తిప్పకండి, వాడు చూసేచోటికే చెయ్యి తీసుకెళ్లండి. వేళ్లు సరిగ్గా తిరగకపోయినా సంగటి అడిగాడని తెలిస్తే వెంటనే పెట్టండి. సైగ అందంగా చేసేదాకా తిండి పెట్టకుండా ఆపకండి. బొమ్మల కార్డులు కూడా పక్కన ఉంచండి. కొత్త సైగలు కావాలంటే ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం 10,000 పదాలకు చేసిన వీడియో నిఘంటువు ఉంది. అందులో సైగ వేరుగా ఉందని పెద్దవ్వ సైగను మార్చకండి, రెండూ ఉండనివ్వండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఒకటి. సదరం (వైకల్య) సర్టిఫికెట్ లేకపోతే స్లాట్ కోసం వార్డు సచివాలయంలో అడగండి. అది వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు పెట్టుకోండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీకి కూడా కొంత ఇస్తారు. సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ మాత్రం ఆపకండి.

ఒక చిన్న కోరిక. మీ అమ్మాయితో చెప్పి, ఆ పక్కింటి నాయనమ్మనూ మీ అక్కగారినీ ఒకసారి వీడియో కాల్‌లో కలపండి. ‘అన్నం తిన్నావా’ అని ఇద్దరూ ఎలా అడుగుతారో నాకు రాయండి.