కాంట్రాక్ట్ తప్పితే ఏ రకం డ్యామేజెస్ (నష్టపరిహారం) అడగొచ్చు?

ముందుగా మామూలు డ్యామేజెస్, అంటే సరుకు ఇస్తానన్నవాడు ఎగ్గొడితే మీరు బయట ఎక్కువ రేటుకి కొన్నారు కదా, ఆ తేడా మీకు రావాలి. సరుకు రాక ఫ్యాక్టరీ ఆగి లాభం పోయిందంటే అది స్పెషల్ డ్యామేజెస్ కిందకొస్తుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే అలా జరుగుతుందని అవతలివాళ్లకి ఒప్పందం రోజే తెలిసుండాలి. 1854లో ఇంగ్లండ్‌లో హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసులో విరిగిన మిల్లు షాఫ్ట్‌ని రవాణావాళ్లు లేటుగా చేర్చారు, మిల్లు ఆగింది, అయినా పోయిన లాభం ఇప్పించలేదు, కారణం ఇదే. ఇంత కట్టాలని ముందే రాసుకుంటే లిక్విడేటెడ్ డ్యామేజెస్. నష్టం రుజువు కాకపోతే నామినల్, పేరుకి ఏదో కొంత. శిక్షగా వేసేవి కాంట్రాక్ట్ కేసుల్లో చాలా అరుదు. ఇంకోటి, నష్టం తగ్గించుకోడానికి మీరూ ప్రయత్నించాలి, చేతులు ముడుచుకు కూర్చుంటే కోర్టు ఆ మేరకు కోసేస్తుంది.