ప్రొబేషన్‌లో ఉన్న టీచరమ్మ, 180 రోజుల సెలవు, ఒక తండ్రి టెన్షన్

నల్లగొండ జిల్లా నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నాను.

"మేడమ్, మా అమ్మాయి 2024 డీఎస్సీలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) సెలెక్టై అక్టోబరు 16న పొద్దున ప్రైమరీ స్కూల్లో చేరింది. ఇప్పుడు ఆరో నెల, మెటర్నిటీ లీవ్ పెట్టాలి. పోయినేడు జ్వరం వచ్చి పది రోజులు సెలవు పెట్టింది. కాన్పు తర్వాత ఇంకో ఏడాది జీతం లేని సెలవు పెట్టమని అల్లుడు అంటున్నాడు. ప్రొబేషన్‌లో ఇన్ని సెలవులు పెడితే ఉద్యోగంలోంచి తీసేస్తారని తోటి టీచరు ఒకామె చెప్పిందట, అప్పట్నుంచి పిల్ల సరిగా తినడం లేదు. అసలు పర్మనెంట్ ఎప్పుడవుతుంది? ఎవరు చేస్తారు? ఎవరికైనా ఏమన్నా ఇచ్చుకోవాలా?"

అన్నగారూ, ముందు అమ్మాయికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. మెటర్నిటీ లీవ్ పెట్టినందుకు ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. ప్రొబేషన్‌లో, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు ఉండే పరీక్షాకాలంలో, ఉన్నా సరే ఆ 180 రోజులు పూర్తి జీతంతో ఇస్తారు, అది ఆమె హక్కు. కానీ అల్లుడుగారు చెప్పిన ఏడాది సెలవు సంగతి వేరు, దానికి మాత్రం కాగితం మీద లెక్క వేసుకున్నాకే సరే అనాలి.

మన దగ్గర రెండు రాష్ట్రాల్లోనూ ఈ వ్యవహారం 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ ప్రకారమే నడుస్తుంది. తెలంగాణ వచ్చాక అవే రూల్స్ ఇక్కడా కొనసాగాయి. కాబట్టి నేను చెప్పేది 2025 మెగా డీఎస్సీలో చేరిన ఆంధ్రప్రదేశ్ పిల్లలకూ చాలావరకు పనికొస్తుంది. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో చేరినవాళ్లు, వరుసగా మూడేళ్ల కాలం లోపల, డ్యూటీలో రెండేళ్లు పూర్తి చెయ్యాలి. చేరిన రోజు నుంచి క్యాలెండర్లో రెండేళ్లు తిరిగితే చాలదు, డ్యూటీలో ఉన్న రోజులు రెండేళ్లు కావాలి. భయపెట్టిన ఆ టీచరుగారికి కూడా ఈ తేడా తెలిసి ఉండదు, చాలామందికి తెలియదు.

డ్యూటీ అంటే బడికి వెళ్లి పాఠం చెప్పిన రోజులు మాత్రమే కాదు. ఆదివారాలు, పండగ సెలవులు, దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు, సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టిన రోజులు, డిపార్ట్‌మెంట్ పంపిన ట్రైనింగ్, ఎలక్షన్ డ్యూటీ, ఇవన్నీ డ్యూటీ కిందికే వస్తాయి. మెటర్నిటీ లీవ్, ఈఎల్ (ఆర్జిత సెలవు), మెడికల్ మీద పెట్టిన సెలవు, జీతం లేని ఈఓఎల్ మాత్రం రావు. మంచి సెలవా చెడ్డ సెలవా అన్న ప్రశ్నే లేదు. ఎన్ని రోజులు పెడితే ప్రొబేషన్ ముగిసే తేదీ అన్ని రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

మీ అమ్మాయి లెక్క నేనే వేస్తాను, పెన్ను తీసుకోండి. 2024 అక్టోబరు 16 పొద్దున చేరింది కాబట్టి ఏ సెలవూ పెట్టకపోతే రెండేళ్లు 2026 అక్టోబరు 15 సాయంత్రానికి అయిపోతాయి. జ్వరానికి పది, కాన్పుకి 180, మొత్తం 190 రోజులు. అవి కలిపితే తేదీ 2027 ఏప్రిల్ 23కి వెళ్తుంది. మూడేళ్ల గడువు 2027 అక్టోబరు 15 దాకా ఉంది. అంటే ఇంకా 175 రోజులు చేతిలో ఉన్నట్టు. ఇప్పుడు అల్లుడుగారి 365 రోజులు కలపండి, గడువు దాటిపోయి ఇంకా 190 రోజులు బయట పడుతుంది. అప్పుడైనా ఉద్యోగం పోతుందని కాదు, ప్రొబేషన్ పొడిగించమని నియామకాధికారి విడిగా ఆర్డర్ ఇవ్వాల్సి వస్తుంది. అది ఆయన విచక్షణ మీద ఆధారపడిన పని, మీ చేతిలో ఉండదు. చేతిలో ఉన్నదాన్ని ఎందుకు వదులుకోవడం?

నా సలహా అడిగితే, 180 రోజులూ పూర్తిగా వాడుకోమనండి, ఒక్క రోజు కూడా తగ్గించుకోవద్దు. ఆ తర్వాత పసిబిడ్డతో మరీ ఇబ్బందిగా ఉంటే రెండు మూడు నెలలకు మించకుండా చూసుకోండి. మిగతా రోజులు రేపు బిడ్డకు ఒంట్లో బాగాలేకపోయినా, మీకే ఏదన్నా అయినా, అవసరానికి ఉండాలి. తెలంగాణలో మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు 90 రోజులు కూడా ఉంది కానీ దాన్ని పిల్లలు పెద్దయ్యేదాకా విడతలుగా వాడుకోవచ్చు, అంతా ఇప్పుడే ఖర్చు చెయ్యక్కర్లేదు. మీరూ అక్కయ్యగారూ ఒక ఆరు నెలలు అమ్మాయి దగ్గరికెళ్లి ఉండగలిగితే ఈ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది. అల్లుడుగారిది తప్పని నేననను, భార్య ఆరోగ్యం గురించి ఆలోచించే మనిషి దొరకడం అదృష్టమే, ఆయనకు ఈ లెక్క ఒకసారి కూర్చోబెట్టి చూపించండి.

ఇక పర్మనెంట్ ఎవరు చేస్తారన్నారు. పర్మనెంట్ అని మనమంతా ఒకే మాట వాడేస్తాం కానీ ఆఫీసులో అది ఒక్క కాగితం కాదు. మొదట చేరిన తేదీ నుంచి సర్వీసును రెగ్యులరైజ్ చేస్తారు. తర్వాత రెండేళ్ల డ్యూటీ ముగిశాక ప్రొబేషన్ తృప్తికరంగా పూర్తి చేసిందని డిక్లేర్ చేస్తారు, అప్పుడు ఆమె అప్రూవ్డ్ ప్రొబేషనర్ అవుతుంది. ఆ పైన ఆ పోస్టులో ఫుల్ మెంబర్. టీచర్లు "నీది డిక్లేర్ అయ్యిందా" అని ఒకరినొకరు అడిగేది ఆ మధ్యలో ఉన్న ఆర్డర్ గురించే, ఎందుకంటే ప్రమోషన్‌కి పేరు చూసేటప్పుడు ముందు చూసేది అదే. అది ఇచ్చేది నియామకాధికారి, అంటే మీ జిల్లా విద్యాధికారి (డీఈఓ). ప్రైమరీ స్కూల్ కాబట్టి ఫైల్ మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి కదలాలి.

ఫైల్ దానంతట అది కదలదన్నదే అసలు సంగతి. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. నేను టీచరుగా చేరిన కొత్తల్లో, ఉద్యోగి వివరాలూ సెలవులూ ఎక్కించే సర్వీస్ రిజిస్టర్ అంటే ఆఫీసువాళ్లు చూసుకునేదని వదిలేశాను. రెండేళ్లు దాటి నాలుగు నెలలయ్యాక వెళ్లి అడిగితే, బీరువాలోంచి అట్ట ఊడిపోయిన నా పుస్తకం తీశారు. మొదటి పేజీలో ఫొటో అతికించి ఉంది, దాని మీద సంతకం లేదు. చేరిన తేదీ రాసి ఉంది, పొద్దున చేరానా మధ్యాహ్నం చేరానా అన్నది లేదు. టైఫాయిడ్ వచ్చి పెట్టిన ఇరవై రెండు రోజుల సెలవు సాంక్షన్ ప్రొసీడింగ్స్ ఎక్కడా ఎక్కించలేదు, పుస్తకం ప్రకారం ఆ ఇరవై రెండు రోజులు నేను చెప్పకుండా బడి ఎగ్గొట్టినట్టే ఉంది. అప్పటి హెచ్‌ఎం గారు రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. ఆ ఒక్క ఎంట్రీ సరిచేయించుకోవడానికి ఏడాది పైగా తిరిగాను. రెండు బస్సులు మారి వెళ్లడం, సార్ మీటింగులో ఉన్నారంటే మెట్ల మీద కూర్చుని తిరిగి రావడం. నాతోపాటు చేరినవాళ్లకు ఆర్డర్లు వచ్చేశాయి, నేను బడిలో ఎవరితోనూ చెప్పుకోలేక ఊరుకున్నాను. అందుకే కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఈ విషయం దగ్గర కూర్చోబెట్టి మరీ చెప్తాను.

కాబట్టి మెటర్నిటీ లీవ్‌కి వెళ్లేముందే అమ్మాయిని ఒకసారి ఎంఈఓ ఆఫీసుకి వెళ్లి తన సర్వీస్ రిజిస్టర్ చూపించమని మర్యాదగా అడగమనండి, చూడటం తప్పేం కాదు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా, చేరిన తేదీ పక్కన పూర్వాహ్నమని ఉందా, ప్రతి ఎంట్రీ కింద అధికారి సంతకం ఉందా, ఆ పది రోజుల సెలవు సాంక్షన్ ఎక్కిందా అని చూసుకోవాలి. వీలైతే పేజీల ఫొటోలు తీసుకోనివ్వమని అడగాలి. సెలవు దరఖాస్తుల కాపీలు, సాంక్షన్ ఆర్డర్లు, కాన్పు తర్వాత మళ్లీ చేరిన రోజు ఇచ్చే జాయినింగ్ రిపోర్ట్, అన్నీ ఒకే ఫైల్లో ఇంట్లో ఉండాలి. తెలంగాణలో టీచర్లకు ఇప్పుడు ఫేస్ రికగ్నిషన్ హాజరు వచ్చింది కాబట్టి కంప్యూటర్లో అంతా ఉంటుందిలే అనుకుంటారు. ప్రొబేషన్ ఫైల్‌తో పోయేది మాత్రం సర్వీస్ రిజిస్టరే.

ఇంకోటి సర్టిఫికెట్ల వెరిఫికేషన్. చేరినప్పుడు ఒరిజినల్స్ చూశారు కదా అయిపోయిందనుకోవద్దు. పదో తరగతి, ఇంటర్, డీఎడ్, టెట్ మెమోలు ఆయా బోర్డులకు పంపి నిజమైనవేనని రిపోర్ట్ తెప్పిస్తారు, కులం సర్టిఫికెట్టూ లోకల్ అని చూపిన స్టడీ సర్టిఫికెట్లూ చూస్తారు, పోలీసుల నుంచి పూర్వాపరాల రిపోర్ట్ రావాలి. చాలా ఫైళ్లు ఆగేది టీచరు పనితీరు బాగాలేక కాదు, వీటిలో ఏదో ఒక రిపోర్ట్ రాకే. ఏది వచ్చింది ఏది రాలేదు అని ఇప్పుడే కనుక్కుంటే ఏడాది టైముంది.

తీసేస్తారా అన్న భయం గురించి కూడా దాచకుండా చెప్తాను. రూల్ ప్రకారం ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి పని తృప్తిగా లేదనుకుంటే నెల నోటీసుతో, లేదంటే నెల జీతమిచ్చి డిశ్చార్జ్ చేసే అధికారం ఉంది. కానీ ఏదన్నా తప్పు అంటగట్టి పంపించాలంటే విచారణ జరపాల్సిందే, ఫలానా తప్పు చేశావని చెప్పి సంజాయిషీకి అవకాశం ఇవ్వాల్సిందే. పురుషోత్తంలాల్ ధింగ్రా కేసు నుంచీ సుప్రీంకోర్టు ఈ మాట చెప్తూనే ఉంది. నేను చూసినంతలో ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాళ్లు దొంగ సర్టిఫికెట్ పెట్టినవాళ్లు, అటెస్టేషన్ ఫారంలో కేసు దాచినవాళ్లు, చెప్పాపెట్టకుండా నెలల తరబడి కనపడకుండా పోయినవాళ్లు. పిల్లలకు చదువు చెప్పుకుంటూ, కడుపుతో ఉండి సెలవు దరఖాస్తు పద్ధతిగా పెట్టుకున్న అమ్మాయి ఆ లిస్టులో ఎందుకుంటుంది?

ఆఫీసు ఆలస్యం చేస్తే ఏమిటన్నదానికీ రూల్లోనే జవాబుంది. ప్రొబేషన్ గడువు ముగిసిన తేదీ నుంచి ఏడాదిలోగా ఏ ఆర్డరూ ఇవ్వకపోతే, తృప్తికరంగా పూర్తయినట్టే భావించాలి, అదీ గడువు ముగిసిన తేదీ నుంచే. 1968లో ధరమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది కూడా టీచర్లే, పంజాబ్ వాళ్లు. రూల్‌లో గరిష్ఠంగా మూడేళ్లని ఉంటే, అది దాటాక కూడా ఉద్యోగంలో కొనసాగిస్తే కన్ఫర్మ్ చేసినట్టేనని కోర్టు వాళ్ల పక్షాన చెప్పింది. అయినా ఏడాది ఆగి చూద్దామని కూర్చోవద్దు. 2027లో తన తేదీ వచ్చిన వారంలోపే హెచ్‌ఎం ద్వారా దరఖాస్తు పెట్టి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవాలి.

మీ చివరి ప్రశ్నకు జవాబు, ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు. ప్రొబేషన్ డిక్లరేషన్‌కి ఫీజు లేదు. ఎవరైనా అడిగితే, మళ్లీ అడిగితే, 1064కి ఫోన్ చెయ్యండి, ఏసీబీ నంబరు. పక్కనున్న టీచర్లు అందరం ఇంతింత కలిపి ఇచ్చేద్దాం, పనైపోతుంది అంటారు, మంచి మనుషులే అంటారు. ఎల్బీ స్టేడియంలో ఆర్డర్ తీసుకున్న రోజు ఎవరికీ పైసా ఇవ్వకుండా ర్యాంకుతో తెచ్చుకున్న ఉద్యోగం అది. దాన్ని అలాగే పర్మనెంట్ చేసుకోనివ్వండి.

తోటివాళ్లకు ఆరు నెలలు ముందే ఆర్డర్లు వస్తే మా పిల్ల వెనకబడిపోతుందేమో అనే దిగులు కూడా మీకు ఉండొచ్చు. సీనియారిటీ మామూలుగా డీఎస్సీలో వచ్చిన మెరిట్ ప్రకారం ఉంటుంది, ఎవరి డిక్లరేషన్ ముందొచ్చిందన్న దాన్నిబట్టి కాదు.

అమ్మాయి సర్వీస్ రిజిస్టర్ చూసొచ్చాక అందులో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో నాకు రాయండి. సెలవు మొదలయ్యేలోపు సరిచేయించుకోవాల్సినవి ఏమన్నా ఉంటే దరఖాస్తు ఎలా రాయాలో నేను చెప్తాను.