క్వైర్ ఫీజూ, ఏలూరు టైలరు కుట్టిన నల్ల గౌనూ

సందేహం: ఏప్రిల్‌లో నేపర్‌విల్ వచ్చాం. పాపకి 6 ఏళ్లు, పెద్దమ్మాయికి 10, బాబుకి 14. ముగ్గురూ బాగానే పాడతారు. పక్కింటావిడ క్వైర్‌లో, అంటే పిల్లల బృందగానంలో, వేయమంటోంది. ఫీజు చూస్తే గుండె గుభేలుమంది. అంత పెట్టొచ్చా అక్కా? ఎవర్ని ఎందులో వేయాలి?

జవాబు: నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా. పాతికేళ్ల కిందట నేనూ ఈ చికాగో శివార్లలోనే దిగాను, రెండు సూట్‌కేసులూ ఒక ప్రెషర్ కుక్కరూ పట్టుకుని. నీకు నేనున్నట్టు అప్పుడు నాకు అక్కలెవరూ లేరు. తెలిసిన ఒకరిద్దరూ కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో చెప్పేవారు, అంతే. కాబట్టి తప్పులన్నీ నేనే చేశాను, అదీ సొంత ఖర్చుతో.

2003లో మా అమ్మాయికి 7 ఏళ్లు. స్కూల్లో మ్యూజిక్ టీచరు ఈ పిల్ల గొంతు బాగుంది, పిల్లల క్వైర్‌కి తీసుకెళ్లమని కాగితం రాసి పంపింది. ఏడాదికి 480 డాలర్లు. నేను మొట్టమొదట చేసిన పని 46తో గుణించడం. 22 వేల చిల్లర! చిన్నప్పుడు ఏలూరులో మా సంగీతం మాస్టారికి నెలకి 50 రూపాయలూ, వచ్చినప్పుడల్లా గ్లాసుడు కాఫీ ఇచ్చేవాళ్లం. ఆయన నాకు వర్ణాల దాకా చెప్పారు. ఇక్కడేమో పదిమందిలో నిలబడి గొంతు కలపడానికి 22 వేలా అని మావారితో రెండు రోజులు వాదించాను. నెలనెలా 9 వాయిదాల్లో కట్టొచ్చని ఉంటే, నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చులే అనుకుని సంతకం పెట్టాం.

ఆ సంతకమే కొంప ముంచింది. డిసెంబర్‌లో మా మరిది పెళ్లికి 5 వారాలు ఇండియా వెళ్లాం. క్వైర్లకి ఏడాది అంటే సెప్టెంబర్ నుంచి మే దాకా, అందులో చలికాలం కచేరీ డిసెంబర్‌లోనే. రిహార్సల్స్‌కి ఇన్నిసార్ల కంటే ఎక్కువ రాకపోతే కచేరీలో నిలబడనివ్వరని కాగితంలో రాసే ఉంది, చదివిందెవరు? తిరిగొచ్చాక, రాని నెలల డబ్బు వెనక్కివ్వమని అడగడానికి వెళ్లాను. ఆఫీసులో ఆవిడ నవ్వు చెరగకుండా నా సంతకం నాకే చూపించింది. వాయిదాలు నెలకొకటైనా ఫీజు ఏడాదిదమ్మా. మధ్యలో మానేసినా మిగతాది కట్టాల్సిందే. నువ్వు సంతకం పెట్టేముందు మూడు విషయాలు చూసుకో: ఏ తేదీలోపు మానేస్తే డబ్బు తిరిగొస్తుంది, ఎన్ని రిహార్సల్స్ తప్పొచ్చు, కచేరీలు ఏ రోజుల్లో. ఇండియా టిక్కెట్లు ఆ తర్వాతే కొను. డిసెంబర్ టిక్కెట్ల ధర చూశావుగా, జూన్‌లో వెళ్లినా అమ్మమ్మ వాళ్లు ఏమీ అనుకోరు.

ఆడిషన్ సంగతి చెప్పలేదు కదూ. నేను ఊరుకుంటానా, మలహరి గీతం నెల రోజులు రుద్దించాను, గమకాలతో సహా. అక్కడి డైరెక్టరు పియానో మీద ఒక్కో స్వరం నొక్కి అదే అనమంది. మా పిల్ల ప్రతి స్వరాన్నీ కింది నుంచి లాక్కుంటూ వచ్చి ఊపి వదిలింది. ఆవిడకి ముద్దొచ్చింది గానీ ఆవిడకి కావలసింది అది కాదు. స్వరం గీత గీసినట్టు తిన్నగా నిలబడాలి, పైస్థాయిలో గొంతు చించకుండా తేలిగ్గా పలకాలి. హెడ్ వాయిస్ అంటారు. దానికోసం గుడ్లగూబలా ‘హూ’ అనిపిస్తారు. చప్పట్లు కొడితే అదే తాళం తిరిగి కొట్టమంటారు, పుట్టినరోజు పాట పాడిస్తారు, అయిపోతుంది. మీ పెద్దమ్మాయికి సంగీతం వస్తే గమకం ఇంట్లో పెట్టి రమ్మను. సరిగమ మాత్రం తీసుకురమ్మను, అది ఊరికే పోదు. వాళ్ల డో-రే-మి చాలా క్వైర్లలో మన సరిగమలాంటిదే. మనం షడ్జమాన్ని ఏ శ్రుతిలోనైనా పెట్టుకున్నట్టు వాళ్లు ‘డో’ని జరుపుతారు. ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు చూపిస్తారు, మా అమ్మాయి రెండో నెలకే అవి చూసి పాడేసింది. అమెరికన్ పిల్లలకి ఏడాది పట్టింది (ఇది నేను అందరికీ చెప్పుకుంటాను, నీకూ చెప్తున్నాను).

తర్వాత ఏడాది దాన్ని ఆల్టోలో, అంటే కింది స్థాయి వరసలో, వేశారు. కచేరీలో చూస్తే పక్క పిల్లలు అసలు పాట పాడుతుంటే ఇది కింద ఏదో వేరే వరస పాడుతోంది. బుర్రకథలో వంతల్లాగా నిలబెట్టారు మా పిల్లని, అదే ఫీజు కట్టి వంతపాటా అని కడుపు మండిపోయింది. వెళ్లి అడిగేశాను కూడా. ఎదుటి వరసకి కొట్టుకుపోకుండా తన వరస మీద నిలబడే చెవి ఉన్న పిల్లల్నే అక్కడ పెడతారట. ఆ మాట అర్థమయ్యాక సిగ్గేసింది. మన సంగీతంలో అందరం ఒకే స్వరం మీద కలుస్తాం. వీళ్ల సొగసంతా ఒకేసారి రెండు మూడు వేరే స్వరాలు ఒకదానితో ఒకటి ఒదగడంలో ఉంది. చిన్నపిల్లలు ఒకే వరస పాడతారు, 9, 10 ఏళ్లకి రెండు, ఆ పైన మూడు, హైస్కూల్లో మగ గొంతులు చేరాక నాలుగు. జట్లు వయసుని బట్టే కాదు, దీన్ని బట్టి కూడా విడదీస్తారు.

ఇక నల్ల గౌను. కచేరీ గౌను 65 డాలర్లన్నారు. నేను ఫొటో తీసి ఏలూరు పంపి, మా టైలరుతో కుట్టించాను. ఆయన పాపం కళాపోషకుడు. మామూలు నల్లబట్ట చాలదని మెరిసే శాటిన్ వేశాడు, చేతులకి కుచ్చులు కూడా. పార్సిలు ఖర్చుతో కలిపి ఎంతయిందో నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు: 71 డాలర్లు. స్టేజి లైట్ల కింద 40 మంది పిల్లల్లో మా అమ్మాయి ఒక్కతే చెరువులో చందమామలా మెరిసింది. విరామంలో ఎవరో వాడేసిన గౌను తెచ్చి దానికి మార్చారు. నీ పిల్లలు పెరిగే వయసులో ఉన్నారు, పాత గౌన్లు, పాత టీషర్టులు అమ్మే రోజు ఒకటుంటుంది, ముందే వెళ్లు. కిరాణా సరుకులకి వాడే గిఫ్ట్ కార్డులు క్వైర్ ద్వారా కొంటే కొంత శాతం నీ ఫీజు ఖాతాలో జమ చేసేవీ ఉన్నాయి, అడుగు. ఎలాగూ పాలూ బియ్యం కొనక తప్పదు. మీ ఆయన కంపెనీ ఉద్యోగులు చేసే స్వచ్ఛంద సేవకి గంటల లెక్కన విరాళం ఇస్తుందేమో కనుక్కో. నేను కచేరీ గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపినందుకు మావారి కంపెనీ క్వైర్‌కి డబ్బు పంపిందంటే నమ్ముతావా?

ఇంతసేపూ నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు చెప్పేదానికి నాకే నవ్వు రాదు. 2009లో మావారి ఉద్యోగం పోయింది. అమ్మాయికి 13 ఏళ్లు, పెద్ద జట్టులోకి అప్పుడే ఎక్కింది. ఫీజు అప్పటికి 1,100 దాటింది, ఆ ఏడు టూర్ ఖర్చు వేరే. మానిపిస్తున్నానని చెప్పడానికి వెళితే ఆఫీసావిడ ఒక ఫారం నా ముందు పెట్టింది. ఆదాయం రాసిస్తే ఫీజు తగ్గిస్తారు. నేను ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. దేహీ అనే కాగితం అనిపించింది. మా ఊళ్లో మా నాన్నగారు నలుగురికి పెట్టిన మనిషి, నేను పరాయి దేశంలో పాటకోసం చెయ్యి చాపనా అని బయటికొచ్చేశాను. అమ్మాయితో చదువుకి టైము చాలట్లేదని అబద్ధం చెప్పాను. మంగళవారం సాయంత్రం 6 అయ్యేసరికి అది తన గదిలో ఫోల్డరు తెరిచి ఆల్టో వరస ఒక్కతే పాడుకునేది. పై వరస లేకుండా వింటే అదొక పాటలాగే ఉండదు. వంటింట్లో నిలబడి విన్నాను, ఏడాదంతా. తర్వాత తెలిసింది, మాకంటే పెద్ద ఇల్లున్న వాళ్లు కూడా ఆ ఫారం నింపారట. వీటిలో చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు. విరాళాలు పోగు చేసేదే అందుకు. ఫారం నింపు. నీ జీతం చూసి అక్కర్లేదంటే వాళ్లే అంటారు.

మా అబ్బాయి కథ చిన్నది. 2012లో 13 ఏళ్లప్పుడు గొంతు మారింది, పైకి వెళ్లబోయి బొంగురుపోయేది. ఇక డబ్బు దండగ అని మాన్పించాను. అదీ నా పొరపాటే. గొంతు మారుతున్నప్పుడు ఆపనక్కర్లేదు, పలికే నాలుగు స్వరాల్లో మెల్లగా పాడించొచ్చు. మగపిల్లల మారే గొంతుల కోసమే ప్రత్యేకం జట్లుంటాయి. చికాగోలో యునైటింగ్ వాయిసెస్ అని ఉంది, 2022 దాకా దాని పేరు చికాగో చిల్డ్రన్స్ క్వైర్. పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో, 1956లో హైడ్ పార్క్‌లోని ఒక చర్చిలో క్రిస్టఫర్ మూర్ అనే పాస్టరు అన్ని రంగుల పిల్లల్నీ కలిపి పాడించాలని మొదలుపెట్టాడు. అందులో అలాంటి జట్టు ఉంది. మా పిల్లలు అక్కడ పాడలేదు. వాళ్ల కచేరీ ఒకసారి విన్నాను, అంతే.

చర్చి అన్నాను కదా, నీ తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. చాలా రిహార్సల్స్ చర్చి హాళ్లలోనే జరుగుతాయి, హాలు పెద్దది కాబట్టి. లాటిన్ పాటలూ క్రిస్మస్ పాటలూ ఉంటాయి, హీబ్రూ పాటలూ ఉంటాయి. మా అమ్మాయి ఆదివారం అరోరా బాలాజీ గుడిలో అన్నమయ్య పాడేది, మంగళవారం లాటిన్ పాడేది. దానికి గందరగోళం లేదు, మా అత్తగారికే ఉండేది.

మరి నీ ముగ్గురి లెక్క. 6 ఏళ్ల పాపకి ఇప్పుడు పెద్ద క్వైర్ ఫీజు కట్టకు. ఆ వయసు జట్లలో ఆటలూ చప్పట్లూ గెంతులే ఎక్కువ. పార్క్ డిస్ట్రిక్ట్ (ఊళ్లో పార్కులు చూసుకునే స్థానిక సంస్థ) క్లాసు చాలు, ఊరివాళ్లకి ధర తక్కువ, అడ్రస్ రుజువు తీసుకెళ్లు. 14 ఏళ్ల బాబుని హైస్కూల్ క్వైర్‌లో చేర్పించు. అది స్కూల్లో ఒక సబ్జెక్టు, క్రెడిట్ కూడా వస్తుంది, బయటి క్వైర్ ఫీజుతో పోలిస్తే దాదాపు ఉచితం. బాగా పాడితే రాష్ట్రస్థాయి ఆడిషన్లకి టీచరే పంపుతారు, ఎంపికైనవాళ్లు జనవరిలో మన రాష్ట్రంలోనే ఉన్న పియోరియా అనే ఊరు వెళ్లి పాడతారు. ఉన్న డబ్బంతా 10 ఏళ్ల అమ్మాయి మీద పెట్టు. లేత గొంతు, చదవడం వచ్చిన వయసు, ఇంకా అమ్మ మాట వినే వయసు. మూడు కలిసొచ్చే రోజులు ఎక్కువ ఉండవు.

టూర్ అని విదేశం తీసుకెళ్తామంటే మాత్రం ఫీజు కంటే ముందు పిల్ల వీసా స్టాంపు తేదీ చూడు. మిగతా రూల్సు మీ లాయరు చెప్తాడు. ఆ తీసుకెళ్లే ఏడాదికి ఇప్పటి నుంచే నెలకి 50 డాలర్లు పక్కన పెట్టు.

ఆడిషన్లు వేసవిలోనే అయిపోతాయి, ఈ వారమే ఫోన్ చెయ్యి. మొదటి రోజు అమ్మాయికి పెన్సిలు ఇచ్చి పంపు. పాట స్వరాలు అచ్చేసిన కాగితాల మీద పెన్నుతో రాయనివ్వరు, మర్చిపోయిన పిల్లలకి వాళ్లే అమ్ముతారు. ఒక్కోటి డాలరు.